మావయ్య కళ్ళు, కిడ్నీ మిషను, ఓ పాత అపవాదు

"ఈ మిషను నా రక్తం కడగట్లేదురా, నా కళ్ళు కడిగేస్తోంది. రేపట్నుంచి నేను పోను."

రెండేళ్ళ క్రితం ఓ మంగళవారం పొద్దున్నే మావయ్య ఫోన్ చేసి అన్నమాట ఇది. నేనప్పుడు ఆఫీసు క్యాబ్‌లో సగం నిద్రలో ఉన్నాను. దెబ్బకి నిద్ర ఎగిరిపోయింది.

మావయ్యంటే మా అమ్మకి అన్నయ్య. ముప్ఫయ్యేళ్ళపైన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. షుగరు వచ్చి ఇరవయ్యేళ్ళ పైమాటే. బీపీ దాని వెనకాలే వచ్చింది. చివరికి కిడ్నీలు మూలనపడ్డాయి. సోమ, బుధ, శుక్రవారాలు పక్క టౌనుకెళ్ళి నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకుని వస్తుంటాడు. అలా ఆర్నెల్లు గడిచేసరికి ఎడమకంట్లో నల్లటి దారాలు తేలడం మొదలైంది. ముందు సాలెగూడులా ఉందన్నాడు, ఓ వారానికి ఎర్రటి తెర పడిపోయిందన్నాడు. ఆ పైన కుడికన్నూ మసకేసింది.

"మిషనెక్కక ముందు కళ్ళు బానే ఉన్నాయి. ఎక్కాక పోయాయి. ఇందులో అర్థంకానిదేముందిరా?" అన్నాడు. లెక్కల మాస్టారు కదా, రెండు లైన్లలో నిరూపణ అయిపోయింది!

మన భాషలో చెప్పాలంటే శుక్రవారం రిలీజ్ చేశాం, సోమవారం సర్వర్ పడిపోయింది, కాబట్టి రిలీజే కారణం. చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. కానీ ఒక్కోసారి డిస్కు ఆర్నెల్ల నుంచీ పాడవుతూ ఉంటుంది, లాగ్స్ ఎవడూ చూసుండడు. పాపం రిలీజ్ చేసినవాడు బలైపోతాడు.

ఇక్కడ తేడా ఏంటంటే, ఈ రిలీజ్‌ని వెనక్కి తీసుకోవడం కుదరదు. కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళు డయాలసిస్ మానేస్తే బతికేది రోజులే, మహా అయితే కొన్ని వారాలు. బుధవారానికి అత్తయ్య బతిమాలి, ఏడ్చి, తిట్టి ఎలాగో పంపించింది. "శుక్రవారం మాత్రం పోను. మీవాడు ఇంజనీరు కదా, ఈ మిషను కళ్ళు తినదని వాణ్ణి వచ్చి రుజువు చెయ్యమను" అన్నాట్ట. అంటే నా చేతిలో ఉన్నది రెండు రాత్రులు.

నేను డాక్టర్ని కాదు, జావా రాసుకుని బతికేవాణ్ణి. అయినా ఆ రెండు రాత్రులూ కూర్చుని చదివాను, తర్వాత ఓ ఏడాదిపాటు చదువుతూనే ఉన్నాను. చదివితే తెలిసిందేంటంటే, మావయ్య చేసిన ఆరోపణ కొత్తది కాదు. సరిగ్గా ఇదే అనుమానం 1970ల్లో అమెరికాలో హేమాహేమీల్లాంటి డాక్టర్లకే వచ్చింది. ఆ కథ చెప్పుకోవాలంటే కాస్త వెనక్కెళ్ళాలి.

*

కిడ్నీకీ కంటికీ ఉన్న సంబంధం డయాలసిస్ కంటే వందేళ్ళు పాతది. లండన్లో గైస్ హాస్పిటల్ అని ఒకటుంది. అక్కడ రిచర్డ్ బ్రైట్ అనే డాక్టరు 1827లో ఒళ్ళంతా నీరుపట్టిన రోగుల గురించి రాశాడు. ఆయన పరీక్ష ఎంత సింపులంటే, రోగి మూత్రాన్ని చెంచాలో పోసి కొవ్వొత్తి మీద వేడిచేసేవాడు. అది కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకడితే కిడ్నీ దెబ్బతిన్నట్టు. అలాంటివాళ్ళలో కొందరికి చూపు కూడా పోతోందని ఆయన 1836 నాటికే రాసిపెట్టాడు. కానీ ఎందుకు పోతోందో చూసే దారి లేదు. బతికున్న మనిషి కంటిలోపలికి తొంగిచూసే పరికరమే అప్పటికి లేదు మరి.

ఆ పరికరం 1851లో వచ్చింది. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోప్ తయారుచేశాడు. ఇక డాక్టర్లందరూ ఎగబడి కనబడ్డవాళ్ళ కళ్ళల్లోకల్లా చూడటం మొదలెట్టారు. 1850ల్లోనే యేగర్ అనే ఆయన షుగరున్న రోగి రెటీనాలో మార్పులు చూశాడు. 1859లో లీబ్రైక్ అనే ఇంకో ఆయన కిడ్నీ రోగుల రెటీనాలో తెల్లటి మచ్చలూ, రక్తపు మరకలూ ఎలా ఉంటాయో వర్ణించాడు. తర్వాత చాలా ఏళ్ళపాటు ఎలా ఉండేదంటే, 'చూపు మసగ్గా ఉందండీ' అంటూ కంటి డాక్టరు దగ్గరకెళ్తే, ఆయన లోపలికి చూసి 'ముందు నీ మూత్రం పరీక్ష చేయించుకో' అని పంపేవాడు.

ఎందుకీ జంట? రెండిట్లోనూ ఉన్నది సన్నాతిసన్నటి రక్తనాళాలే కాబట్టి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గొట్టాలుంటాయి, ప్రతిదాని మొదట్లోనూ ఓ చిన్న నాళాల ఉండ. రెటీనా కూడా అలాంటి సన్ననాళాల మీదే బతుకుతుంది. షుగరూ బీపీ కలిసి ఆ నాళాల గోడల్ని ఏళ్ళ తరబడి కొరుకుతాయి. కిడ్నీలో జరిగే విధ్వంసం మనకి కనబడదు. కంట్లో జరిగేది కంటి డాక్టరుకి నేరుగా కనబడుతుంది. ఒళ్ళు కొయ్యకుండా రక్తనాళాల్ని ప్రత్యక్షంగా చూడగలిగే చోటు అదొక్కటే.

ఇక్కడ దురదృష్టం ఏంటంటే, డాక్టరుకి కనబడేది రోగికి తెలీదు. నాళాలు మూసుకుపోయి ప్రాణవాయువు అందక, రెటీనా కంగారుపడి కొత్త నాళాల్ని పుట్టిస్తుంది. అవి మహా పెళుసు. అవి చిట్లేదాకా రోగి పేపర్ చదువుకుంటూనే ఉంటాడు. చిట్లిన రోజు కంట్లోకి రక్తం దిగి, సాలెగూడు, ఎర్రతెర... మావయ్య చెప్పినవన్నీ వరసగా వస్తాయి.

*

సరే, ఇప్పుడు మిషను దగ్గరకొద్దాం.

'డయాలసిస్' అన్న మాట 1861లో థామస్ గ్రాహమ్ అనే స్కాటిష్ రసాయన శాస్త్రవేత్తది. పల్చటి పొర గుండా చిన్న అణువులు అవతలికి పోతాయి, పెద్దవి ఆగిపోతాయి అన్నది ఆయన గమనించాడు. 1913లో అమెరికాలో ఏబెల్ బృందం జంతువుల మీద దీన్ని వాడింది. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా వాళ్ళు వాడిన మందేంటో తెలుసా? జలగల తలల నుంచి తీసిన హిరుడిన్! 1924లో జర్మనీలో గియోర్గ్ హాస్ మొదటిసారి మనిషి మీద ప్రయత్నించాడు. తర్వాత జలగల స్థానంలోకి హెపారిన్ వచ్చింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మన కథలో మొదటి ముద్దాయి ఇదే.

అసలు మిషన్ని నిలబెట్టింది విల్లెమ్ కోల్ఫ్ అనే డచ్చి డాక్టరు. 1938లో కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు ఇరవై రెండేళ్ళ పల్లెటూరి అబ్బాయొకడు కిడ్నీలు పాడై ఆయన కళ్ళముందే మెల్లిగా చచ్చిపోయాడు. పొలంపనితో నడుము వంగిపోయిన వాళ్ళమ్మకి, నీ ఒక్కగానొక్క కొడుకు బతకడని చెప్పాల్సి వచ్చింది. రోజుకి కాస్త యూరియా తీసేయగలిగితే చాలు కదా అన్న ఆలోచన అక్కణ్ణుంచి పుట్టింది. 1943లో హాలెండ్ నాజీల చేతిలో ఉండగా, కాంపెన్ అనే చిన్న ఊళ్ళో, సాసేజిలకి వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ముకి చుట్టి ఉప్పునీళ్ళ తొట్టిలో తిప్పాడు. మొదటి పదిహేనుమందికి పైగా చనిపోయారు. 1945లో అరవై ఏడేళ్ళ ఓ ముసలావిడ బతికింది. ఆవిడ నాజీలకి సాయం చేసిందని జైల్లో ఉన్న మనిషి. ఊళ్ళోవాళ్ళకి ఆవిడంటే మంట. అయినా కోల్ఫ్ వైద్యం చేశాడు.

అయితే ఇది కొన్నాళ్ళలో కోలుకునే కిడ్నీలకే పనికొచ్చేది. ప్రతిసారీ కొత్త నాళం కొయ్యాలి, నాళాలు అయిపోతే రోగి పని కూడా అయిపోయినట్టే. 1960లో సియాటిల్లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టంతో శాశ్వతమైన షంట్ పెట్టాడు. దాంతో కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి బతకడం మొదలైంది.

మిషన్లు మాత్రం పట్టుమని పదికూడా లేవు. ఎవర్ని ఎక్కించాలి? 1962లో సియాటిల్లో ఏడుగురితో ఓ కమిటీ వేశారు. లాయరు, పాస్టరు, బ్యాంకరు, ఓ గృహిణి, ఇలా మామూలు మనుషులు. ఎవరు బతకాలో వాళ్ళు తేల్చేవారు. అసలు ఆ కమిటీ ముందుకి వెళ్ళకముందే డాక్టర్లు ఓ వడపోత పోసేవారు. నలభై అయిదు దాటినవాళ్ళు, పిల్లలు, ఇతర పెద్ద జబ్బులున్నవాళ్ళు అవుట్. షుగరు పేషెంట్లు దాదాపు అందరూ ఆ జల్లెడలోనే ఆగిపోయేవారు. మా మావయ్య 1962లో సియాటిల్లో ఉండుంటే, వయసు లెక్కన ఒకసారి, షుగరు లెక్కన ఇంకోసారి తిరస్కరించేవారన్నమాట.

1972లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి కిడ్నీ రోగుల ఖర్చు మెడికేర్ కిందకి తెచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. షుగరు ఉన్నవాళ్ళు కూడా మిషనెక్కడం పెరిగింది.

*

అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఎక్కినవాళ్ళలో చాలామంది ఏడాది, రెండేళ్ళలో చనిపోయేవారు. బతికినవాళ్ళలో చాలామందికి చూపు పోయేది. అదే 1972లో జామా పత్రికలో ఓ వ్యాసం వచ్చింది. షుగరు కిడ్నీ రోగుల డయాలసిస్ గురించిన 'విషాద సత్యం' అన్న మాట శీర్షికలోనే ఉంది. రాసిన నలుగురిలో ఒకరెవరో తెలుసా? విల్లెమ్ కోల్ఫ్! మిషన్ని కనిపెట్టినాయనే, ఇది వీళ్ళకి కలిసిరావట్లేదు అని ఒప్పుకున్నాడు. అది చదివాక నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. మనం రాసిన కోడ్‌లో బగ్ ఉందని మనమే మెయిల్ పెట్టడానికి ఎంత ఏడుస్తామో మనకి తెలీదూ?

కళ్ళ విషయంలో అనుమానం హెపారిన్ మీదకెళ్ళింది. తర్కం సూటిగానే ఉంది. రెటీనాలో పెళుసు నాళాలున్నాయి, మనం వారానికి మూడుసార్లు రక్తం గడ్డకట్టకుండా మందేస్తున్నాం, కాబట్టి మనమే కంట్లో రక్తం కార్పిస్తున్నాం. సరిగ్గా మావయ్య తర్కం. కొంతమంది డాక్టర్లు ఈ భయంతోనే షుగరు వాళ్ళకి డయాలసిస్ వద్దనేవారు.

మరి నిజమేంటి? హెపారిన్ ప్రభావం ఉండేది డయాలసిస్ జరిగే కాసేపూ, ఆ తర్వాత కొద్ది గంటలూ. తర్వాత చేసిన పరిశీలనల్లో కంటి రక్తస్రావాలకి హెపారిన్ ముఖ్యకారణం అన్నది రుజువు కాలేదు. అసలు విషయం వేరు. మిషనెక్కే రోజుకే వీళ్ళలో చాలామంది రెటీనాలు పాడై ఉన్నాయి. ఇరవయ్యేళ్ళ షుగరు, లెక్కలేని బీపీ ఆ పని ఎప్పుడో చేసేశాయి. ఒంట్లో నీరు పెరిగి బీపీ ఆకాశంలో ఉంటే ఆ పెళుసు నాళాలు ఆగుతాయా?

ఇంకో మాట. ఇది నాకు తట్టినప్పుడు రాత్రి రెండయింది, లేచి బాల్కనీలోకెళ్ళి నిలబడ్డాను. 1960కి ముందు ఇలాంటి రోగులకి ఇంత పెద్ద సంఖ్యలో చూపెందుకు పోలేదు? ఎందుకంటే గుడ్డివాళ్ళయ్యేదాకా వాళ్ళు బతకలేదు. కిడ్నీలు పోయిన కొన్నాళ్ళకే ప్రాణం పోయేది. మిషను వాళ్ళ కళ్ళు తియ్యలేదు, కళ్ళు పోయేటంత ఆయుష్షు ఇచ్చింది.

అప్పటికే కళ్ళకి మందు కూడా తయారవుతోంది, కాకపోతే వేరే డిపార్ట్‌మెంట్లో. జర్మనీలో మేయర్-ష్విక్కెరాత్ అనే కంటి డాక్టరు 1945 సూర్యగ్రహణాన్ని నేరుగా చూసి రెటీనా కాల్చుకున్నవాళ్ళని పరీక్షించాడు. అదే కాలడాన్ని పద్ధతిగా చేస్తే వైద్యం అవుతుంది కదా అనుకున్నాడు. అమెరికాలో లెస్పెరాన్స్ 1968లో ఆర్గాన్ లేజర్‌తో రెటీనాకి చికిత్స మొదలెట్టాడు. 1970లో మాకెమర్ కంట్లో పేరుకున్న రక్తాన్నీ జిగురునీ సన్నటి పరికరంతో తీసేసే విట్రెక్టమీ ఆపరేషన్ చేశాడు. 1976లో ఓ పెద్ద అమెరికన్ అధ్యయనం, ముదిరిన డయాబెటిక్ రెటినోపతీలో సకాలంలో లేజర్ చేస్తే తీవ్రంగా చూపు పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని తేల్చింది.

ఈ రెండు డిపార్ట్‌మెంట్లనీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టినవాళ్ళలో ముఖ్యుడు బ్రూక్లిన్ కిడ్నీ డాక్టరు ఎలై ఫ్రీడ్‌మన్. లేజర్ లెస్పెరాన్స్‌తో కలిసి 1980లో పుస్తకమే తెచ్చాడు, కిడ్నీ రెటీనా రెండూ ఒకే జబ్బుకి రెండు ముఖాలని. బీపీ దించు, రెటీనా చూడు, లేజర్ సకాలంలో చెయ్యి. ఇంతే మంత్రం. ఇది పాటించిన చోట డయాలసిస్ మీదున్న షుగరు రోగుల్లో కొత్తగా చూపు పోవడం బాగా తగ్గింది. మిషను అదే, హెపారిన్ అదే.

*

అయితే మిషను పూర్తిగా కడిగిన ముత్యమా అంటే, కాదు. నేను మావయ్యకి అబద్ధం చెప్పదల్చుకోలేదు, మీకూ చెప్పను.

1962లోనే సిట్‌ప్రీజా అనే థాయ్ డాక్టరూ, ఆయన సహచరులూ డయాలసిస్ జరుగుతుండగా కంటి లోపలి ఒత్తిడి పెరగడం గమనించారు. రక్తంలో యూరియా గబగబా తగ్గుతుంది, కంటి లోపలి ద్రవంలో అంత వేగంగా తగ్గదు. దాంతో నీరు కంట్లోకి లాక్కోబడుతుంది. ఆ రోజుల మిషన్లతో ఇది బాగా కనబడేది. ఇప్పటి పద్ధతుల్లో చాలామందికి పెద్ద తేడా ఉండదు, కానీ నీటికాసులు ఉన్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. డయాలసిస్ అయ్యాక తలనొప్పితో పాటు కన్ను నొప్పెడితే చెప్పాలి.

1967లో బెర్లిన్, షా అనే ఇద్దరు ఇంగ్లండ్లో కిడ్నీ రోగుల ఎర్రకళ్ళ గురించి రాశారు. ఒంట్లో కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క తప్పి, కంటి తెల్లగుడ్డు పొరలో సుద్దలా పేరుకుని కళ్ళు ఎర్రబడతాయి. ఇది మిషను తప్పు కాదు, మిషను ఫాస్ఫరస్‌ని సరిగ్గా తియ్యలేకపోవడం వల్ల వచ్చే తంటా.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. ఒకే సిట్టింగ్‌లో ఎక్కువ నీరు లాగేస్తే బీపీ ధబేల్మని పడిపోతుంది. అరుదుగానే అయినా, కంటి నరానికి రక్తం అందక చూపు ఒక్కసారిగా పోయిన కేసులున్నాయి. అందుకే రెండు సిట్టింగుల మధ్య నీళ్ళు తక్కువ తాగమని అంత మొత్తుకునేది.

నాలుగోది అచ్చంగా మన ఫీల్డు కథ. డయాలసిస్‌కి వచ్చే రోగుల మెదడుకి అల్యూమినియం ఎక్కుతోందని 1976లో అమెరికాలో ఆల్‌ఫ్రీ బృందం చూపించింది. దాన్ని బయటికి లాగడానికి డెస్‌ఫెరాక్సమీన్ అనే మందు వాడారు. 1980లకొచ్చేసరికి ఆ మందు ఎక్కువైన కొందరికి రంగులు తెలియకపోవడం, రేచీకటి లాంటివి వచ్చాయి! ఓ బగ్ ఫిక్స్ చేస్తే ఇంకోటి పుట్టడం అంటే ఇదే. చివరికి మందు మోతాదు తగ్గించి, నీళ్ళనే ఆర్వోతో శుభ్రంగా వడగట్టడం మొదలెట్టాక ఆ గొడవ సద్దుమణిగింది.

*

గురువారం రాత్రి బస్సెక్కి, శుక్రవారం తెల్లారేసరికి మావయ్య ముందు కూర్చున్నాను. కోల్ఫ్ కథ, కమిటీ కథ, హెపారిన్ కథ అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"అయితే నాకు షుగరొచ్చిన మొదట్లోనే కళ్ళు చూపించుకోమని ఎవరూ ఎందుకు చెప్పలేదురా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన ఫైలు తిరగేశాను. పదిహేనేళ్ళ కాగితాలు. షుగరు, బీపీ, క్రియాటినిన్, ఈసీజీ అన్నీ ఉన్నాయి. రెటీనా అన్న మాట ఒక్కచోట లేదు. మావయ్య మాత్రం రెండేళ్ళకోసారి కళ్ళజోడు షాపుకెళ్ళి నంబరు చూపించుకుని, కళ్ళ పరీక్ష అయిపోయిందనే అనుకున్నాడు. అక్షరాల చార్టు చదవడం వేరు, చుక్కలు వేసి పాప పెద్దదిచేసి లోపల రెటీనా చూడటం వేరు. ఆ తేడా ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం తెలుసా? పదేళ్ళుగా ఆయనింటికి పోతూ వస్తూ ఉన్నాను. ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ శుక్రవారం మిషనెక్కాడు. ఆ పై వారం హైదరాబాద్ తీసుకొచ్చాం. కుడికంటికి విడతలవారీగా లేజర్ చేశారు. ఎడమకంటికి ఆపరేషన్, అదీ డయాలసిస్ లేని రోజు చూసి, ముందూ వెనకా హెపారిన్ లేకుండా డయాలసిస్ చేయించి మరీ. అంటే హెపారిన్‌ని పట్టించుకోనక్కర్లేదని కాదు, లెక్కలో పెట్టుకుని నడుచుకోవాలని. ఇప్పుడు కుడికంటితో పేపర్లో హెడ్డింగులు, కాస్త వెలుతుర్లో వార్తలు చదువుతాడు. ఎడమకంటికి వేళ్ళు లెక్కపెట్టేటంత చూపే మిగిలింది. అది తిరిగి రాదని చెప్పేశారు. "సగం మార్కులు వచ్చాయి, పాసే" అంటాడు.

1972లో అమెరికాలో తలుపులు తెరుచుకున్నట్టే మనకీ ఈమధ్యే తెరుచుకున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ, దేశమంతటా 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం వచ్చాక మామూలు ఇళ్ళవాళ్ళు కూడా మిషనెక్కి ఏళ్ళపాటు బతకగలుగుతున్నారు. అందరి కథా ఒకటి కాదు. ఉద్దానంలో చాలామందికి షుగరు లేకుండానే కిడ్నీలు పోతున్నాయి, వాళ్ళకి ఈ రెటీనా గండం ఇంతగా ఉండదు. కానీ 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కగట్టిన ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్ళు పది కోట్ల పైమాట. వాళ్ళలో కిడ్నీలు పోయి మిషనెక్కేవాళ్ళందరికీ మావయ్య అనుభవం ఎదురుచూస్తూ ఉంటుంది. అమెరికా వాళ్ళు 1970ల్లో తెలీక పోగొట్టుకున్నారు. మనం తెలిసీ పోగొట్టుకుంటే ఎవర్ననాలి?

మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ళుంటే, ఈ శనివారం ఫోన్ చేసినప్పుడు "టాబ్లెట్ వేసుకున్నావా" అన్నదాంతో పాటు "చుక్కలు వేసి కళ్ళు చూశారా" అని కూడా అడగండి. "మొన్నే అద్దాలు మార్పించుకున్నాం కదా" అంటే ఒప్పుకోకండి.